కుడిచెయ్యి చెదిరిన ఫోటోలు

శుక్రవారం ఉదయం తొమ్మిది గంటల ఇరవై నిమిషాలకు నా కూతురు సుగుణ వాకిట్లో గడప పక్కన కూర్చుని తమ్ముడికి తల దువ్వుతోంది. గంట నాకు కచ్చితంగా తెలుసు. ఫోటో వెనక పెన్సిలుతో రాసి ఉంది. నేను తీసిన ప్రతి ఫోటో వెనకా రోజు, గంట, అప్పుడు పిల్లలు చేస్తున్న పని రాసుకుంటాను. ఇది కార్తీకంలో తీసింది. అప్పటికి సుగుణకు తొమ్మిదేళ్ళు, మల్లేశానికి ఐదు. దువ్వెన చిక్కులో పడ్డట్టుంది, వాడు ముఖం చిట్లించుకుని ఉన్నాడు. వాడి చెవి, చొక్కా గుండీ, గడప ముందరి ముగ్గు చుక్కలు అన్నీ స్పష్టంగా కనబడతాయి. వాడి గడ్డం పట్టుకున్న సుగుణ ఎడమచెయ్యి కూడా స్పష్టంగానే ఉంది. కుడిచెయ్యి లేదు. మణికట్టు దగ్గర నుంచి తెల్లటి పొగలాంటిది ఉంది, అంతే.

ఆ పొగ ఏమిటో తెలుసుకోవడానికి నాకు మూడు నెలలు పట్టింది. గండం గడిచిందని డాక్టరు అంటున్నాడు. గడిచిందని నేనింకా పూర్తిగా నమ్మలేదు. రాస్తే కొంత కుదుటపడతానేమోనని రాస్తున్నాను. ఇలాంటి పిల్ల ఉన్న ఇంట్లో ఎవరైనా చదివితే నాకంటే ముందు తెలుసుకుంటారని కూడా.

నేను మేడ్చల్‌లో సర్కారు బడిలో లెక్కలు చెబుతాను. మా నవాబు రాజ్యంలో బడులకు శుక్రవారమే సెలవు. యుద్ధానికి కొంచెం ముందు, అల్వాల్ దగ్గర కంటోన్మెంటులో పనిచేసి బదిలీ మీద వెళ్తున్న ఒకాయన సామాను అమ్ముకుంటూ ఉంటే ఈ డబ్బా కెమెరా కొన్నాను. అప్పుడు సరదాగా కొన్నదే. రెండు రోల్సు వాడి పెట్టెలో పెట్టేశాను. ఆ తర్వాతి సంవత్సరం పిల్లల తల్లి మూడు రోజుల జ్వరంలో పోయింది. ఆమెది ఒక్క ఫోటో ఉంది, పెళ్ళప్పుడు స్టూడియోలో తీయించింది. అందులో ఆమె ఎవరో మనిషిలా ఉంటుంది. బియ్యం చెరిగేటప్పుడు ఎలా కూర్చునేదో, నవ్వు ఆపుకోవడానికి కొంగు ఎక్కడ పెట్టుకునేదో ఏ కాగితం మీదా లేదు. కెమెరా ఇంట్లోనే ఉండి కూడా లేదు. అందుకని పెట్టె తీశాను. ప్రతి శుక్రవారం రెండు ఫోటోలు. రోలుకు ఎనిమిది వస్తాయి కనుక నెలకు ఒక రోలు. పిల్లలను కొత్త బట్టలు వేసుకోమని అనను. వాళ్ళు చేసే పని చేస్తుండగానే తీస్తాను. ఒకటే షరతు. నా కెమెరా నెమ్మదైనది. మీట నొక్కినప్పుడు ఒక్క ఊపిరిసేపు కదలకుండా ఉండాలి.

మల్లేశం ఎప్పుడూ కదిలేవాడు. సుగుణ కదిలేది కాదు. చెబితే చేటలో చెయ్యి పెట్టి అలాగే ఆగిపోయేది. ఆ కార్తీకం నుంచి కథ తలకిందులైంది.

"కదలకు" అన్నాను మార్గశిరంలో ఒక శుక్రవారం. సుగుణ చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

"కదుల్తలేను నాయినా."

"మరి గా చెయ్యేంది?"

సుగుణ తన చేతి వంక చూసుకుంది. చెయ్యి చిన్నగా ఎగిరి చిక్కుడు తొక్కల్లో పడింది. తానే ఎగరేసినట్టు వెంటనే దానితో జుట్టు సవరించుకుంది.

"నాయినా, అక్క కోతిలెక్క జేస్తాంది" అన్నాడు మల్లేశం.

"నువ్వు మూస్కో" అంది సుగుణ.

లోపలి నుంచి మా అమ్మ కేకవేసింది. పిల్లలకు ఆమె అవ్వ. "పొద్దుగాల్నే పోరగాండ్లను బొమ్మలలెక్క కూసోవెట్టుడేంది రాఘవులూ? వాళ్ళ ఆకలి నీ డబ్బాల గనవడ్తదా?"

నేను మీట నొక్కాను. చెయ్యి మళ్ళీ ఎగిరింది. కోపం వచ్చింది. యుద్ధం రోజులు. సికింద్రాబాదు దుకాణంలో గడువు దాటిన రోలు కూడా బతిమాలితేనే ఇస్తున్నారు. నెల చివర ప్రింట్లు తెచ్చుకోవడానికి వెళ్ళినప్పుడు దుకాణదారు అన్నాడు కదా, "సారూ, బిడ్డకు జర కదలకుంట కూసోమని చెప్పున్రి. గీ లడాయిల రోలు దొరుకుడే కష్టం. నాల్గు ఖరాబైనయి."

రైల్లో తిరిగి వస్తూ ఆ నాలుగింటినీ చూశాను. అన్నింట్లో చెడింది కుడిచెయ్యే. ముఖం చెడలేదు, ఎడమచెయ్యి చెడలేదు. లెక్కలు చెప్పే మనిషిని. నాలుగింటికి నాలుగూ ఒకేచోట ఎందుకు చెడ్డాయని నన్ను నేను అడుక్కోలేదు. పిల్లకు పెంకితనం వచ్చిందనుకున్నాను.

పెంకితనం అనుకున్న తర్వాత అన్నీ పెంకితనంగానే కనబడ్డాయి. పాలగిన్నె జారింది. అన్నం ముద్ద నోటికి పోకుండా చెంపకు తగిలింది. అవ్వ "చేతులు ఇర్గినయా నీకు?" అని తిట్టింది. పలక మీద అంకెలు గీతలు దాటి పైకి ఎక్కాయి. అంతకు ముందు సుగుణ రాత నా రాతకంటే బాగుండేది. బడిలో నేను కొట్టని పంతులునని పేరు. పుష్యమాసంలో ఒక సాయంత్రం ఇంట్లో రూళ్ళకర్ర తీసుకుని ఆ కుడిచేతి మీద రెండు దెబ్బలు వేశాను. సుగుణ ఏడవలేదు. చెయ్యి ఎడమచేత్తో పట్టుకుని, "మల్ల రాస్త నాయినా" అంది. మళ్ళీ రాసింది. మొదటిదానికంటే ఘోరంగా ఉంది.

ఆ తర్వాతి రెండు శుక్రవారాల ఫోటోలు నాలుగూ బాగా వచ్చాయి. సుగుణ వాకిట్లో రాతిబండ మీద తొడల కింద చేతులు పెట్టుకుని కూర్చుంది. చేతులు వెనక్కి పెట్టుకుని గోడకు ఆనుకుంది. తమ్ముడిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, వాడి వీపు వెనక చేతులు దాచింది. నాలుగోదాంట్లో దుప్పటి కప్పుకుంది. ఎక్కడా చెదరలేదు. "శభాష్, గట్లుండాలె" అన్నాను. ఆ చలికాలం మొత్తంలో నేను తీసిన మంచి ఫోటోలు అవే. ప్రింట్లు వచ్చాక నా తోటి పంతుళ్ళకు చూపించాను కూడా. చేతులు దాచుకుందని నాకు తట్టలేదు. కూర్చోవడం నేర్చుకుంది అనుకున్నాను.

పుష్యం చివర్లో ముఖం మొదలైంది. మాట్లాడుతూ ఉండగా నోరు ఒకపక్కకు పోయేది, కనుబొమ్మలు ఎగిరేవి. భుజం దానంతటదే ఎత్తుకునేది. మల్లేశం మొదట నవ్వాడు, తర్వాత భయపడి అవ్వ పక్కన చేరాడు. అవ్వ ఇక తిట్టడం మానేసింది. పిల్ల ముందు కూర్చుని చాలాసేపు చూసి, నా దగ్గరికి వచ్చి మెల్లగా చెప్పింది.

"ఇది అల్లరి గాదు బిడ్డా. పిల్లకు శిగం వస్తాంది."

దేవత ఒంటిమీదికి వచ్చి ఊగించడాన్ని మావైపు శిగం అంటారు. నేను పుస్తకాలు చదివినవాడిని. నవ్వాను. "నీకు అన్నీ దేవుళ్ళే" అన్నాను. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ ఇంట్లో పిల్లవి తనకు తెలియకుండా వచ్చే కదలికలని మొదట గుర్తుపట్టింది అవ్వే. కారణం తప్పు చెప్పింది. నేను చెప్పిన కారణమూ తప్పే. ఆమె చెప్పిన తప్పు వల్ల పిల్లకు దెబ్బలు పడలేదు.

బడి పరీక్షల రోజులు. నేను ఇంట్లో లేనప్పుడు అవ్వ పిల్లను బండిలో షామీర్‌పేటకు, తన అక్క ఇంటికి తీసుకుపోయింది. రెండు రోజులన్నది నాలుగయ్యాయి. శుక్రవారం పొద్దున సైకిలు మీద నేనే బయల్దేరాను. ఎదురుగాలి. దారి పొడుగునా ఒకటే ఆలోచన, ఈ వారం ఫోటోలు పోయాయని. అది రాయడానికి సిగ్గుగా ఉంది, కాని అదే ఆలోచించాను.

ఆ ఇంటి ముందు చెప్పులు చూసి ఆగిపోయాను. ఇరవై జతలకు తక్కువ ఉండవు. లోపల సుగుణను పీట మీద నిలబెట్టారు. నొసట ఇంత బొట్టు, మెడలో వేపమండలు, కాళ్ళకు పసుపు. పక్కన ఒకాయన డప్పు కొడుతున్నాడు. డప్పు దెబ్బ పడ్డప్పుడల్లా పిల్ల ఒళ్ళంతా ఎగురుతోంది. ఒక ముసలామె చేతులు జోడించి అడుగుతోంది.

"తల్లీ, నా బర్రె దప్పిపోయి తొమ్మిది దినాలు. ఏ దిక్కు పోయిందో చెప్పు తల్లీ."

సుగుణ చెయ్యి విసురుగా చెరువు వైపు లేచింది. జనం "ఆఁ" అన్నారు. ముసలామె దండం పెట్టి అటే పరుగెత్తింది.

సుగుణ నన్ను చూసింది. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. మాట ముద్దగా వచ్చింది. "నాయినా, నేను ఊగుతలేను. చేతులే ఊగుతున్నయి."

మరుక్షణం మోకాళ్ళు వంగి పీట మీంచి పడింది. నేను ఎత్తుకున్నాను. ఆమె గుండె నా అరచేతికి తగులుతోంది. ఎంత వేగంగా కొట్టుకుంటోందంటే, ఒక దెబ్బకూ ఇంకో దెబ్బకూ మధ్య సందు తెలియలేదు. నలుగురిలో మా అమ్మను ఎన్నడూ అనని మాట అన్నాను. "నువ్వు చంపుతున్నవ్ దీన్ని."

ఆమె తలెత్తి, "మరి గా రూళ్ళకర్రతోటి కొట్టింది నేనా?" అంది.

మధ్యాహ్నం బండిలో మేడ్చల్ తిరిగి వచ్చాం. సైకిలు బండి వెనక కట్టాం. దారంతా సుగుణ తల నా ఒళ్ళో, కాళ్ళు అవ్వ ఒళ్ళో. కాలు తన్నుకున్నప్పుడల్లా అవ్వ దాన్ని మెల్లగా పట్టుకుని వదిలేది.

బండి ఆగగానే ఎదురింటి ఖాసింబీ వచ్చింది. ఆమె మగడు బజారులో కట్టెలు అమ్ముతాడు. బండిలోకి తొంగిచూసి, పిల్ల చెయ్యి ఒకసారి తన చేతుల్లోకి తీసుకుంది.

"భాయ్, గిది దేవర గాదు, దయ్యం గాదు. బీమారి. అత్వెల్లిల మా చెల్లెకు గిట్లనే అయ్యింది. చేతులు ఎగిరినయి, నోరు వంకరవోయింది. జల్దీ దవాఖానకు తీస్కపో. రేపు గీపు అనకు."

"మీ చెల్లె ఇప్పుడెట్లుంది?" అని అవ్వ అడిగింది.

ఖాసింబీ పిల్ల చెయ్యి వదలకుండానే, "నేను గూడ వస్త. ఎత్తుకోనీకె ఇద్దరు గావాలె" అంది.

మరునాడు రైలెక్కాం. పెట్టె నిండా సిపాయిలు. సుగుణ చేతులు అటూ ఇటూ పోతుంటే కొందరు నవ్వారు. వాళ్ళలో ఒకతను, ఏ దేశం వాడో, మా భాష కాదు, లేచి తన జాగా మొత్తం ఇచ్చి, పిల్ల చెయ్యి బల్లకు తగలకుండా తన కోటు మడిచి పక్కన పెట్టాడు. సికింద్రాబాదు దాకా తలుపు దగ్గర నిలబడే వచ్చాడు. దిగే తొందరలో అతనికి షుక్రియా కూడా చెప్పలేదు.

దవాఖాన వరండాలో బల్లలు మూడు, మనుషులు అరవై. చీటీ ఇచ్చి కూర్చోమన్నారు. వేచి ఉండటం నాకు చేతకాని పని అని ఆ రోజు తెలిసింది. ప్రతి తలుపు చప్పుడుకూ లేచేవాడిని. ఖాసింబీ పిల్లను గోడవైపు తిప్పి కూర్చోబెట్టుకుంది, ఎవరూ చూడకుండా. అయినా చూశారు. ఒకామె తన కొడుకు కళ్ళు మూసింది. సుగుణ అది చూసింది. ఆమె చూడటం నేను చూశాను.

డాక్టరు వయసు మళ్ళినవాడు. పేరు రాయను, ఆయనకు నచ్చదు. ఎదురుగా కూర్చోబెట్టుకుని, "నాలుక బయట పెట్టు బిడ్డా. పెట్టి ఉంచు" అన్నాడు. నాలుక బయటికి వచ్చి, బల్లిలాగా లోపలికి పోయింది. "నా రెండు వేళ్ళు గట్టిగ పట్టుకో" అన్నాడు. ఆమె పట్టుకుంది. వేళ్ళు బిగుస్తూ సడలుతూ, పాలు పిండుతున్నట్టుగా ఉంది. ఆయన తల ఊపాడు. అప్పటిదాకా అంతా తెలిసినట్టే చేశాడు. తర్వాత గుండె మీద గొట్టం పెట్టాడు. పెట్టి తీయలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ చాలాసేపు విన్నాడు. జాగా మార్చి మళ్ళీ విన్నాడు. అంతసేపు వినాల్సిన అవసరం ఉండకూడదని నాకు అనిపించింది.

"వానకాలంల గొంతు నొచ్చిందా?"

నొచ్చింది. భాద్రపదంలో నాలుగు రోజులు మింగలేకపోయింది.

"మోకాళ్ళు?"

మోకాళ్ళు కూడా. ఎదిగే పిల్ల అనుకుని అవ్వ నూనె రాసింది.

"మాస్టర్ సాబ్, చేతుల గురించి పరేషాన్ గాకుండ్రి. చేతులు నయమైతయి. నాలుగైదు నెలలు పడ్తది, గని అయితయి." గొట్టం తీసి బల్ల మీద పెట్టాడు. "నా ఫికర్ చేతుల గురించి గాదు."

వేలితో తన ఛాతీ చూపించాడు. "వానకాలంల గొంతుల వచ్చిన బీమారే మోకాళ్ళకు, చేతులకు, గుండెకు దిగింది."

ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉందని అడిగాడు. పదిహేను రోజులన్నాను. నిజంగానే నాకు అంతే తెలుసు. ఇంటికి వచ్చి మందుబిళ్ళలు పెట్టెలో పెడుతుంటే ఫోటోలు చేతికి తగిలాయి. ఆ వేళ అక్కడే నేలమీద కూర్చున్నాను.

వారం తర్వాత ఖాసింబీని, అవ్వను పిల్ల దగ్గర ఉంచి, ఫోటోలు రుమాలులో కట్టుకుని ఒక్కడినే వెళ్ళాను. డాక్టరు బల్ల మీద వరసగా పేర్చాను, ఇరవై రెండు. ఆయన కళ్ళద్దాలు పైకి తోసి, వంగి ఒక్కొక్కటీ చూశాడు. తిప్పి వెనక రాసింది చదివాడు. తల దువ్వుతోంది. చిక్కుడుకాయలు ఒలుస్తోంది. నీళ్ళ బిందె దింపుతోంది. చివరికి చేతులు దాచుకున్న నాలుగింటి దగ్గరికి వచ్చి ఆగాడు.

"గిక్కడ మీరు కూసోవెట్టిన్రా గిట్ల?"

"లేదు. తనే కూసున్నది."

ఆయన వాటిని తిరిగి సర్దాడు. "మూడు నెలలు. గీ మూడు నెలలు పండవెట్టాల్సిన పిల్ల. నీళ్ళు మోసింది." అక్కడితో ఆపి, నా ముఖం చూసి, గొంతు తగ్గించాడు. "మీరొక్కరే గాదు మాస్టర్ సాబ్. దెబ్బలు తినకుంట నా దగ్గరికి వచ్చిన పిల్ల ఇంతదాక ఒక్కతె లేదు. ప్రతి తండ్రి కొడ్తడు. ప్రతి తల్లి గిన్నె చూస్తది, చెయ్యి చూడది."

అది ఓదార్పో కాదో నాకు తెలియలేదు. తన దగ్గర పని నేర్చుకునే కుర్ర డాక్టర్లకు చూపించడానికి కొన్ని ఫోటోలు అడిగాడు. మూడు ఇచ్చాను. తీసేటప్పుడు నేను మెచ్చుకున్నవే ఇచ్చాను.

మాఘం, ఫాల్గుణం, చైత్రం. ఈ మూడు నెలలు నడింట్లో ఒక మంచం చుట్టూ జరిగాయి. లేవకూడదు, కూర్చోకూడదు, ఉలిక్కిపడే చప్పుడు ఉండకూడదు. మంచం నాలుగు పక్కలా బొంతలు కట్టాం, చేతులు కాళ్ళు పట్టెలకు తగిలి కమిలిపోతున్నాయని. లోహపు గరిట పళ్ళకు కొట్టుకుంటుంటే ఖాసింబీ ఒక చిన్న చెక్కగరిట తెచ్చింది. జావ తాగించడం ఆమెకే చేతనయ్యేది. నోరు కుదురుగా ఉండే క్షణం కోసం గరిట పట్టుకుని కాచుకుని, అది రాగానే పోసేది. ఒక గిన్నె అవడానికి గంట పట్టేది. తన ఇంట్లో పొయ్యి వెలగలేదని ఎన్నడూ అనలేదు. ఆమె చెల్లెలి సంగతి మేమెవరం మళ్ళీ అడగలేదు.

నేను, అవ్వ మాట్లాడుకోవడం మానేశాం. కావలసింది మల్లేశంతో చెప్పించుకునేవాళ్ళం. పొద్దున లేవగానే నేను గడియారం పట్టుకుని సుగుణ నాడి లెక్కపెట్టేవాడిని. అవ్వ తలుపు దగ్గర నిలబడి నా పెదవులు చూసేది. అంకె పెద్దదైతే నేను చెప్పకముందే ఆమెకు తెలిసిపోయేది. ఒకరోజు లెక్క మధ్యలో తప్పింది. మళ్ళీ మొదలుపెట్టాను, మళ్ళీ తప్పింది. అవ్వ వచ్చి పక్కన కూర్చుని, "నేను పట్టుకుంట. నువ్వు గడియారం జూడు" అంది. ఆమె వేలు నాడి మీద పెట్టి తల ఊపింది, నేను ఆ తల ఊపులు లెక్కపెట్టాను. ఆ రోజు నుంచి అలాగే చేశాం. షామీర్‌పేట మాట ఆమె ఎత్తలేదు. రూళ్ళకర్ర మాట నేనూ ఎత్తలేదు.

ఫాల్గుణంలో మాట పోయింది. నాలుక తిరగడం లేదు. అడిగినదానికి కళ్ళతో చూసేది, గొంతులోంచి ఒక మూలుగు, అంతే. తెలివి కూడా పోయిందేమోనని నాకు భయం. ఆ భయం ఎవరితోనూ అనలేదు. మల్లేశానికి భయం లేదు. వాడు మంచం పక్కన పీట వేసుకుని అక్క తరఫున మాట్లాడటం మొదలుపెట్టాడు.

"అక్కకు దూపైతాందంట."

నీళ్ళు ఇస్తే నిజంగానే తాగేది.

"అక్కకు కిటికీ తియ్యాలెనంట."

తీస్తే ఆమె ముఖం అటు తిరిగేది. రెండు మూడు రోజుల్లో వాడికి ఈ ఉద్యోగం బాగా అలవాటైంది.

"అక్క బెల్లం తినదంట. నాకియ్యమంటాంది."

"గట్లనా?" అని అవ్వ బెల్లం ముక్క ఇచ్చింది.

"రేపటిది గూడ నాకేనంట."

మాట పోయిన పదకొండో రోజు అది. వాడు మూడో ముక్క అడుగుతున్నాడు. మంచం మీంచి ముద్దగా, వంకరగా, కాని తెలిసేటట్టు ఒక మాట వచ్చింది.

"అబద్దం."

అవ్వ చేతిలోంచి బెల్లం డబ్బా పడింది. నేను బడికి వెళ్ళబోతున్నవాడిని గుమ్మంలోనే కూర్చున్నాను. మల్లేశం ఒక్కడే ఏమీ ఆశ్చర్యపోకుండా, "నువ్వు నిన్న తల ఊపినవ్ గదనే" అని అక్కతో పోట్లాటకు దిగాడు. సుగుణ ఇంకోసారి, "అబద్దం నాయినా" అంది. అవ్వ ఏడుస్తూ వాడి వీపు మీద ఒకటి వేసింది.

అక్కడి నుంచి నెమ్మదిగా తేరుకుంది. వైశాఖంలో డాక్టరు చెప్పినట్టు ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి చింతగింజలు వేయించాం. మొదటిరోజు మూడు. తర్వాత పది. గింజ జారిపోతే సుగుణ నా వంక చూసేది. ఆ చూపు నాకు చాలా రోజులు అర్థం కాలేదు. దెబ్బ పడుతుందేమోనన్న చూపని అర్థమయ్యాక, ఆమె గింజలు వేస్తున్నంతసేపూ నేను గదిలోంచి బయటికి వెళ్ళి నిలబడేవాడిని.

చేతులు నిలిచాయి. అంకెలు మళ్ళీ గీతల మధ్యకు వచ్చాయి. ఒక మధ్యాహ్నం ఆమె మంచం మీద పడుకుని పాత ఫోటోలు చూస్తుంటే అడిగాను.

"చేతులు ఎందుకు దాచినవ్ బిడ్డా? నొస్తాందని నాకెందుకు చెప్పలే?"

"నొయ్యలే. ఊకెనే ఎగిరినయి."

"గదే చెప్పరాదు?"

చేతిలోని ఫోటో తిప్పి, వెనక నేను రాసింది చూసింది. "చెప్తె నువ్వు ఫోటో తియ్యవు గద. అమ్మది గిట్ల కూసున్నది ఒక్కటి లేదని నువ్వు అవ్వతోటి అన్నవ్. మాది గూడ ఖరాబైతే ఎట్ల అనుకున్న."

ఆమె పక్కన పరిచిన ఫోటోలను రోజుల వరసలో పేర్చి పెట్టెలో పెట్టాను.

ఫోటోలు ఇప్పటికీ తీస్తున్నాను. పిల్లలు కదిలితే కదలనిస్తాను. దుకాణదారు ఖరాబైనవి పక్కకు తీసి పెడతాడు. అవి కూడా ప్రింటు వేయమంటాను. మీ ఇంట్లో పిల్ల చేతిలోంచి గిన్నెలు పడుతుంటే, రాత చెడితే, ముఖం వెక్కిరించినట్టు అవుతుంటే తిట్టే ముందు నాలుక చాపి ఉంచమనండి, మీ వేళ్ళు పట్టుకోమనండి. పండబెట్టండి. డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఇంతకంటే నాకు తెలియదు.

జ్యేష్ఠంలో డాక్టరు మళ్ళీ గొట్టం పెట్టి విన్నాడు. ఈసారి కిటికీ వైపు చూడలేదు. గండం దాటింది అన్నాడు. గుండెలో ఒక చప్పుడు మాత్రం మిగిలిందన్నాడు. అది పోతుందా అని అడిగితే, "కొందరికి పోతది. కొందరు దానితోటే ముసలోళ్ళైతరు" అన్నాడు. మిగతా కొందరి సంగతి చెప్పలేదు, నేను అడగలేదు. నడవవచ్చు. బడికి పోవచ్చు. బిందె ఎత్తకూడదు, మెట్లు గబగబా ఎక్కకూడదు, ఉరకకూడదు.

బిందె సులువు. బావి దగ్గరికి ఖాసింబీ కూతురు పోతోంది. ఉరకకుండా ఉండటమే కష్టం. తొమ్మిదేళ్ళుగా పిలవగానే వచ్చే పిల్ల. శ్రావణంలో ఒకరోజు ఆమె పెరటి చివర మందారం దగ్గర ఉంది. వాన చినుకులు మొదలయ్యాయి. ఆరేసిన బట్టలు తడుస్తాయని అవ్వ వంటింట్లోంచి అలవాటుగా, "ఓ సుగుణా!" అని కేకేసింది. సుగుణ ఉరికింది. ఇరవై అడుగులు ఉంటుందేమో. వంటింటి గడప దగ్గర ఆగి, స్తంభం పట్టుకుని, జారి కూర్చుంది. పెదవులు నేరేడుపండు రంగుకు తిరిగాయి. ఊపిరి కుదుటపడేసరికి వాన పెద్దదైంది. బట్టలు ఎవరూ తీయలేదు. అవ్వ పిల్ల పాదాలు ఒళ్ళో పెట్టుకుని రుద్దుతూ, "నేనెందుకు పిల్చిన, నేనెందుకు పిల్చిన" అంటూనే ఉంది.

"మస్తు దూరం గాదు అవ్వా" అంది సుగుణ. "నేనే జల్దీ వచ్చిన."

ఇప్పుడు ఆమెతో పని ఉంటే లేచి ఆమె ఉన్నచోటికి నడిచి వెళ్ళి చెబుతాం. అవ్వ మోకాళ్ళు పట్టుకుని లేచి వెళ్తుంది. మల్లేశం కూడా వెళ్తాడు. మా ఇంట్లో సుగుణను దూరం నుంచి ఎవరూ పిలవరు.